క్లౌడ్ అంటే ఏమిటి? మన ఫొటోలు నిజంగా ఎక్కడ ఉంటాయి?

"ఫొటోలన్నీ క్లౌడ్‌లో ఉన్నాయిలే, భయం లేదు" అనే మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. ఆ క్లౌడ్ ఎక్కడుంది బేటా అని నానీమా అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు తక్కువ. ఇంజినీర్లు నెట్‌వర్క్ బొమ్మలు గీసేటప్పుడు, అవతల ఏముందో చూపించాల్సిన పనిలేని చోట ఒక మేఘం గీసి వదిలేసేవారు. పేరు అక్కడి నుంచే వచ్చింది. అసలు క్లౌడ్ ఉండేది నేల మీదే. వేల కంప్యూటర్లు పేర్చిన పెద్ద భవనాలు, వాటికి ఆగని కరెంటు, చల్లబరిచే యంత్రాలు.. వీటినే డేటా సెంటర్లు అంటారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌ ప్రాంతంలోనూ తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది.

ఈ వ్యాపారం ఇప్పటి రూపం తీసుకున్నది 2006లో. ఆ ఏడాది అమెజాన్ మొదట ఫైళ్లు దాచుకునే చోటును, తర్వాత కంప్యూటర్లనే అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రతి కంపెనీ తన సరుకుకు క్లౌడ్ అనే పేరు తగిలించింది. ఒరాకిల్ అధినేత ల్యారీ ఎల్లిసన్ 2008లోనే దీన్ని ఎగతాళి చేశారు.

ఈ గందరగోళానికి కొంత అడ్డుకట్ట వేసింది అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ. 2011 సెప్టెంబరులో అది విడుదల చేసిన చిన్న పత్రాన్నే నేటికీ ఎక్కువ మంది ప్రామాణికంగా తీసుకుంటారు. అందులో ఐదు లక్షణాలు చెప్పారు.

అవి అర్థం కావాలంటే టెంట్ హౌస్‌ను గుర్తుచేసుకుంటే చాలు. ఒక్క వలీమా కోసం ఎవరూ పది దేగ్‌లు, ఐదొందల కుర్చీలు కొనరు. అద్దెకు తెస్తారు. మేహమాన్లు పెరిగితే ఇంకో వంద కుర్చీలు తెప్పిస్తారు, పనయ్యాక తిరిగి పంపేస్తారు. అవే దేగ్‌లు మర్నాడు ఇంకొకరి ఇంట్లో ఉంటాయి. ఎన్ని వాడితే అంతకే బిల్లు. క్లౌడ్‌లోనూ ఇంతే: ఒకే సామగ్రిని అందరికీ పంచడం, అవసరాన్ని బట్టి పెంచడం తగ్గించడం, వాడకాన్ని లెక్కగట్టడం. మిగతా రెండింటికి మాత్రం టెంట్ హౌస్ సరిపోదు. అక్కడ సేఠ్‌తో మాట్లాడాలి, ఆటో ట్రాలీ రావాలి. క్లౌడ్‌లో మనిషితో పనిలేకుండా వాడేవారే తీసుకోవచ్చు. ఫోన్ అయినా ల్యాప్‌టాప్ అయినా నెట్ ఉంటే ఎక్కడి నుంచైనా అందుతుంది.

ఈ లెక్కన పెన్‌డ్రైవ్ క్లౌడ్ కాదు. ఆఫీసు మూలన పెట్టిన సర్వర్‌కు నెట్ కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన అదీ కాదు.

అద్దెకు ఇచ్చేదాన్ని బట్టి మూడు రకాలు. జీమెయిల్ లాంటి తయారైన సాఫ్ట్‌వేర్ ఒకటి. ప్రోగ్రామర్లు సొంత యాప్ కట్టుకోవడానికి ఇచ్చే వేదిక రెండోది. ఉత్త కంప్యూటర్లు, స్టోరేజీ మూడోది. ఇళ్లలో వాడేది దాదాపుగా మొదటిదే.

ఇక కుటుంబాలు గమనించాల్సిన అసలు సంగతి. క్లౌడ్‌లో ఉంది అంటే ఎప్పటికీ భద్రం అని కాదు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, అంతే. రెండేళ్లు వాడని వ్యక్తిగత గూగుల్ అకౌంటును తొలగించవచ్చని ఆ కంపెనీ 2023లో ప్రకటించింది. గల్ఫ్‌లో ఉండే అబ్బాజాన్ పాత నంబరుతో అకౌంట్ తెరిచి, ఆ సిమ్ వదిలేస్తే పాస్‌వర్డ్ మరిచిన రోజు కోడ్ వచ్చే దారే ఉండదు. నికాహ్ ఫొటోలు, పాస్‌పోర్ట్ స్కాన్లు డేటా సెంటర్లో క్షేమంగానే ఉంటాయి, ఇంటివాళ్ల చేతికి మాత్రం రావు.

అందుకే రికవరీ నంబరు ఇప్పటిదేనా అని ఒకసారి చూసుకోవాలి. గూగుల్ సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. అకౌంట్ కొన్ని నెలలు వాడకుండా ఉండిపోతే డేటా ఎవరికి చేరాలో అందులో ముందే రాసిపెట్టవచ్చు. ముఖ్యమైన ఫొటోల కాపీ ఒక హార్డ్ డిస్క్‌లో వేసి బీరువాలో పెట్టడం పాత పద్ధతే, కానీ దానికి ఓటీపీ అక్కర్లేదు.