పిత్తనాళ క్యాన్సరు : లక్ష్యిత రేడియేషను చికిత్స

కాలేయమునందు ఉత్పన్నమగు పిత్తరసమును ప్రేగులలోనికి గొనిపోవు నాళముల లోపొరయందు జనించు వ్యాధి పిత్తనాళ క్యాన్సరు. ఇది కాలేయము లోపలి సన్నని శాఖలయందు పుట్టవచ్చును. కుడియెడమ నాళములు కలియు కాలేయ ద్వారముకడ పుట్టవచ్చును. క్లోమగ్రంథిని సమీపించు దిగువ భాగమున పుట్టవచ్చును. ద్వారముకడ పుట్టు రకమును అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 1965లో విశదముగా వర్ణించినందున దానికి ఆయన పేరు నిలిచినది. ఈ మూడును ఒకే పేర వ్యవహరింపబడుచున్నను, చికిత్సా విషయమున వేర్వేరు వ్యాధులవంటివే. కావున తండ్రికో తల్లికో ఈ రోగము నిర్ణయమైనపుడు, రేడియేషను ఇప్పింపవలెనా వలదా యని తర్జనభర్జన పడు కుటుంబము మొట్టమొదట తెలిసికొనవలసినది యంత్రము పేరు కాదు, గడ్డ యున్న చోటు.

శస్త్రచికిత్సచే గడ్డను సమూలముగా తొలగించుటయే నయమగుటకు ప్రధాన మార్గమైనను, రోగము బయటపడునప్పటికే అధికసంఖ్యాకులకు ఆ అవకాశము చేజారి యుండును. అట్టివారికి జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అను రెండు మందులను కలిపి యిచ్చుట 2010లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధన తరువాత ప్రమాణ చికిత్స యైనది. 410 మంది పాల్గొన్న ఆ పరిశోధనలో మధ్యస్థ జీవితకాలము 8.1 మాసములనుండి 11.7 మాసములకు పెరిగినది. 2022నుండి దుర్వాలుమాబ్ అను ఇమ్యునోథెరపీ మందు కూడ వీనికి తోడైనది. లాభము వాస్తవమే గాని పరిమితము. అందుచేత, వ్యాధి కాలేయమునందే నిలిచియున్నవేళ ఆ గడ్డనొక్కదానినే రేడియేషనుతో అణచరాదా యను ప్రశ్న ఇంటివారికి సహజముగా కలుగును. వ్యాధి ఊపిరితిత్తులకో ఉదరపు పొరకో ప్రాకినచో ఆ ప్రశ్నకు బలము చాల తగ్గును.

శరీరము వెలుపలినుండి కిరణములను గడ్డపై కేంద్రీకరించు స్టీరియోటాక్టిక్ పద్ధతిలో చికిత్స సాధారణముగా మూడునుండి ఐదు విడతలలో ముగియును. ఊపిరితోబాటు కాలేయము క్రిందికి మీదికి కదలును గనుక ఆ కదలికను లెక్కగట్టుటయు, ప్రక్కనే యున్న జీర్ణాశయమునకు, ఆంత్రమూలమునకు పుండ్లు పడకుండ మోతాదును నియమించుటయు నిందు ముఖ్యము. ప్రోటాను కిరణములు లక్ష్యముకడ ఆగిపోవు స్వభావము గలవి. ఆ సదుపాయము చెన్నైలో 2019లో ఏర్పడుటతో తెలుగువారికి కొంత చేరువైనది. ద్వారముకడి చిన్న గడ్డల విషయమున మరియొక మార్గము కలదు. అమెరికాలోని మేయో క్లినిక్ 1993లో ఆరంభించిన విధానము ననుసరించి, రేడియేషనును మందులను ముందుగా నిచ్చి పిమ్మట కాలేయ మార్పిడి చేయుదురు. పండ్రెండు కేంద్రములలో 287 మందిని పరిశీలించి 2012లో ప్రకటించిన వివరములనుబట్టి, ఈ మార్గమున నడచినవారిలో ఐదేండ్లు జీవించినవారు నూటికి 53 మంది. ఐతే గడ్డ మూడు సెంటీమీటర్లకు మించరాదు. ఉదరపు గోడగుండ సూది గ్రుచ్చి గడ్డనుండి ముక్క తీసినచో వ్యాధి కణములు చెదరునన్న భయముచే ఆ దారి మూసికొనిపోవును. బయాప్సీకి సమ్మతించుటకు ముందే ఈ సంగతి అడిగి తెలిసికొనుట ఎంతయు అవసరము.

కాలేయము లోపలి గడ్డలకు నేడు ఎక్కువగా వినవచ్చునది వై-90 చికిత్స. ఆరోగ్యవంతమైన కాలేయము తన రక్తములో సుమారు ముప్పాతిక భాగమును ద్వారసిరనుండి గ్రహించును. గడ్డయో ప్రధానముగా కాలేయ ధమనిమీద ఆధారపడును. ఈ భేదమే చికిత్సకు మూలము. గజ్జలోనో మణికట్టులోనో రక్తనాళమునుండి సన్నని గొట్టమును ధమనిలోనికి పోనిచ్చి, యిట్రియం-90 నింపిన గాజు లేక రెసిను రేణువులను గడ్డవైపు వదలుదురు. వాని బీటా కిరణములు కణజాలమున సగటున రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే చొరబడును. సుమారు 64 గంటలకొకమారు వాని బలము సగమగును. అసలు చికిత్సకు పూర్వము ఒక నమూనా దినము తప్పదు: టెక్నీషియం కలిపిన కణములను అదే దారిన పంపి, అవి ఊపిరితిత్తులకు ఎంత దాటుచున్నవో, జీర్ణాశయపు ధమనులలోనికి జారుచున్నవో స్కానులో చూతురు. దాటుడు మితి మించినచో చికిత్స ఆగును. రేణువులను నిర్ణీత దినమునకు, గంటకు లెక్కగట్టి తెప్పింతురు గనుక చివరిక్షణమున వాయిదా వేసినచో ఆ మోతాదు వ్యర్థమగును. ఖర్చు విషయము, బీమాయో ఆరోగ్యశ్రీయో ఎంతవరకు భరించునన్నది, ఆలోపుననే తేల్చుకొనవలెను.

అన్ని విధములకును అడ్డుగా నిలుచునది కామెర్లు. రక్తములో బిలిరుబిన్ రెండు మిల్లీగ్రాములు దాటియున్నపుడు వై-90 ఇచ్చుటకు వైద్యులు సామాన్యముగా వెనుదీయుదురు. అలసిన కాలేయము కిరణముల దెబ్బను ఓర్వక వారముల తరువాత కూలిపోవచ్చును. ముందు స్టెంటు వేసి పిత్తము ప్రవహించునట్లు చేయవలెను. స్టెంటు ఉన్నవారికి, ప్రేగులోని సూక్ష్మజీవులు పిత్తనాళములలోనికి ఎక్కి రేడియేషను అనంతరము కాలేయమున చీము పట్టు ప్రమాదము అధికము. ఇంటివారు ఎరిగియుండవలసిన గుర్తొకటి కలదు: స్టెంటున్న మనిషికి రాత్రివేళ వణకుతో జ్వరము వచ్చినచో పారాసిటమాల్ వేసి తెల్లవారువరకు వేచియుండరాదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఫలితముల సంఖ్యలను చదువుటలో జాగ్రత్త కావలెను. ఫ్రాన్సులో 41 మందికి వై-90ని మందులతో కలిపి యిచ్చిన పరిశోధనలో సుమారు 39 శాతమునకు గడ్డ తగ్గినది. 22 శాతము మంది శస్త్రచికిత్సకు అర్హులైరి. ఇది ఆశ కలిగించునదే యైనను, పోల్చి చూచుటకు మరియొక వర్గము అందు లేదు. ఎన్నుకొనబడినవారు సాపేక్షముగా బలము గలవారు. కనుక వైద్యుని అడుగవలసినది “ఇది పనిచేయునా” అని కాదు. “మా అమ్మ విషయమున దీని ఉద్దేశమేమి, ఆపరేషనుకు దారి తీయుటకా, కొంతకాలము అదుపున నుంచుటకా, నొప్పి తగ్గించుటకా” అని. గడ్డ ముక్కపై ఎఫ్‌జీఎఫ్‌ఆర్-2, ఐడీహెచ్-1 జన్యు పరీక్షలు చేయించితిరా యని కూడ అడుగవలెను. ఆ మార్పులున్నవారికి మాత్రలు కలవు.

తెలుగు కుటుంబములలో ఈ సంప్రదింపు తరచు రోగి లేని చోట జరుగును. వరండాలో పెద్దకుమారుడు “నాన్నగారికి పేరు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు” అని వేడుకొనును, అదే సాయంత్రము అమెరికానుండి తమ్ముడు ఫోనుచేసి “అన్నయ్యా, వై-నైంటీ గురించి అడిగావా?” అని ప్రశ్నించును. ఇరువురి ప్రేమయు నిస్సందేహమే. ఐనను, ఆకలి చచ్చి, నీరసము పైబడి, పలుమార్లు ప్రయాణము చేయవలసినది ఆ తండ్రియే గనుక, ఆయనకు తెలియకుండ ఆయన దేహమునుగూర్చి నిర్ణయించుట న్యాయము కాదని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయము. చాలమంది పెద్దలు తమకు వచ్చినదేమో ముందే ఊహించియుందురు.

ఆ పెద్ద వలదన్నచో వైద్యము అంతటితో ఆగదు. మూసికొనిన స్టెంటును మార్చుట, దురదకు మందులు, కడుపునొప్పికి నరములకు ఇచ్చు ఇంజెక్షను, మార్ఫిను మాత్రలు ఇవన్నియు చికిత్సలే. మాదకద్రవ్యముల చట్టమునకు 2014లో జరిగిన సవరణతో మార్ఫిను లభ్యతకు కొన్ని చిక్కులు తొలగినవి, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమును నడుపుచున్నది. రేడియేషను చేయించుకొన్నవారును ఆ విభాగపు వైద్యులను మొదటినుండియే కలిసికొనవచ్చును.