దారుత్తర్జుమా: ఉర్దూ శాస్త్ర పరిభాష హైదరాబాదులో రూపొందిన తీరు

ఇంగ్లీషు మాటకు ఉర్దూలో అర్థం చెప్పే పని మొదట నిఘంటుకర్తలది. 18వ శతాబ్ది చివరలో జాన్ గిల్‌క్రిస్ట్ కలకత్తాలో ప్రచురించిన ఇంగ్లీషు–హిందుస్తానీ నిఘంటువు కంపెనీ ఉద్యోగుల నిత్యవ్యవహారానికి ఉద్దేశించినది కాబట్టి, జనం నోట అప్పటికే ఉన్న మాటలను పట్టుకుంటే అతని పని చాలావరకు నెరవేరింది. పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలో బోధించాలని తలపెట్టినప్పుడే అసలు చిక్కు ఎదురైంది. 1840లలో ఢిల్లీ కాలేజీకి అనుబంధంగా ఏర్పడిన అనువాద సంఘం దీనికి ఒక సులువైన సూత్రం పెట్టుకుంది: ఉర్దూలో సాటి మాట లేని సోడియం, పొటాషియం, క్లోరిన్ వంటి పేర్లను ఉన్నవి ఉన్నట్టుగానే తీసుకోవాలి. గణితవేత్త మాస్టర్ రామచంద్ర వంటివారు బోధించిన ఆ కళాశాల 1857 తిరుగుబాటులో దెబ్బతినడంతో ఆ కృషి మధ్యలోనే ఆగిపోయింది.

దక్కనులో ఈ ఆలోచనకు వేరే మూలాలున్నాయి. 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే పాయెగా అనే కులీన వంశానికి చెందిన ప్రభువు షంసుల్ ఉమరా సొంత అచ్చుకూటం పెట్టించి, యూరోపు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశాడు. 1917లో అప్పటి హోం కార్యదర్శి అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆమోదించి, ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పాలని ఫర్మానా, అంటే రాజాజ్ఞ, జారీ చేశాడు. దానితో ఒక ప్రభువు అభిరుచిగా ఉన్న పని రాజ్యం పూనుకున్న పనిగా మారింది. 1919లో తరగతులు మొదలయ్యేనాటికి పాఠ్యపుస్తకాలు సిద్ధం కావలసి ఉండడంతో, విశ్వవిద్యాలయం కంటే ముందే 1917లో దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ, పుట్టింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నాజిమ్ అయ్యాడు. నిజాం రాజ్యంలో డైరెక్టరు హోదా గల అధికారిని నాజిమ్ అనేవారు. నవలాకారుడు మీర్జా హాదీ రుస్వా, తాత్త్వికుడు అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, ఆ తరువాత కవి జోష్ మలీహాబాదీ వంటివారు అక్కడ పనిచేశారు. చరిత్ర, న్యాయశాస్త్రం మొదలుకొని వైద్యం, ఇంజనీరింగు వరకు మూడు వందలకు పైగా గ్రంథాలు ఆ శాఖ నుండి వెలువడ్డాయి.

ఏ అనువాదకుడూ తనకు తోచిన మాట వాడకుండా చూడడానికి పరిభాషా సంఘాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్క సంఘంలో ఆయా శాస్త్రం తెలిసినవారినీ భాషాపండితులనూ కలిపి కూర్చోబెట్టడం ఈ వ్యవస్థలోని మేలైన అంశం, ఎందుకంటే మాట వ్యాకరణానికి ఒదిగితే చాలదు, అది చెప్పే విషయం కూడా చెడకూడదు. ఈ సంఘాలలో రెండు పక్షాలు తేలాయి. శాస్త్రాలకు పూర్వం అరబ్బీయే వాహికగా ఉండింది కనుక కొత్త పదాలను ఆ భాష ధాతువుల నుండే, దాని వ్యాకరణం ప్రకారమే కల్పించాలన్నది ఒక పక్షం. ఉర్దూ స్వభావం అరబ్బీది కాదని, ఉపసర్గలు, ప్రత్యయాలు చేర్చి పదాలు కట్టుకునే భారతీయ పద్ధతే దానికి సహజమని రెండో పక్షం వాదించింది. వహీదుద్దీన్ సలీం ఈ వాదాన్ని 1921లో వెలువడిన ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథంలో విస్తరించి చెప్పాడు. పరిభాషా నిర్మాణం అని ఆ పేరుకు అర్థం.

ఆచరణలో రెండు పద్ధతులూ సాగాయి. శాస్త్రాల పేర్లకు అరబ్బీ నుండి వచ్చిన ‘-ఇయాత్’ అనే చివరి భాగం తెలుగులో ‘శాస్త్రం’ చేసే పని చేసింది: భౌతికశాస్త్రం తబీయియాత్ అయింది, మనస్తత్వశాస్త్రం నఫ్సియాత్, అర్థశాస్త్రం మఆషియాత్ అయ్యాయి. పరికరాలు, ప్రక్రియల దగ్గర పారసీ సమాసాలు అక్కరకు వచ్చాయి. వేడిని తపిష్ అని, కొలిచేదాన్ని పైమా అని అంటారు కనుక థర్మామీటరు తపిష్-పైమా అయింది. విద్యుత్తుతో పదార్థాన్ని విడగొట్టే ఎలక్ట్రాలిసిస్‌కు బర్ఖ్-పాషీదగీ అనే పేరు కుదిరింది. అణువాదాన్ని చర్చించిన పూర్వపు ముస్లిం తత్త్వవేత్తల మాటను తిరిగి తెచ్చి ఆటమ్‌కు జౌహర్ అని పేరు పెట్టడం వీటన్నిటిలోకీ గంభీరమైన ఎంపిక. పాత తర్కానికీ కొత్త ప్రయోగశాలకూ మధ్య తెగిన దారాన్ని ఆ ఒక్క మాట ముడివేసింది.

ఈ ఘనతను మెచ్చుకుంటూనే ఒక అన్యాయాన్ని కూడా చెప్పుకోవలసి ఉంది. రాజ్యంలో సుమారు సగం మందికి తెలుగు, నాలుగో వంతు మందికి మరాఠీ మాతృభాషలు. వరంగల్లు నుండి వచ్చిన తెలుగు విద్యార్థి భౌతికశాస్త్రంలో అడుగు పెట్టాలంటే ముందు అరబ్బీ, పారసీ పదాల గట్టు దాటవలసి వచ్చేది. దేశభాషలో విద్య అన్న గొప్ప ఆశయం అతని వరకు పరభాషలో విద్యగానే మిగిలింది. ఇదే హైదరాబాదులో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏ ప్రభుత్వ ధనమూ లేకుండా చందాదారుల ఆదరణతో చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తెలుగులో తేవడానికి పూనుకుంది. ఉర్దూ పండితులు అరబ్బీ వైపు చూసినట్టే ఆ రచయితలు సంస్కృతం వైపు చూశారు గాని, వారి మాటలకు కళాశాల తరగతి చాలాకాలం దొరకలేదు.

కల్పించిన మాట బతకడానికి దాని సొగసు చాలదని, దానిని రోజూ పలికే ఉపాధ్యాయుడూ పరీక్షలో రాసే విద్యార్థీ ఉండాలని తరువాతి చరిత్ర చూపింది. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన కొద్దికాలానికే ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారింది, దారుత్తర్జుమా పని ముగిసింది. దానికి తొలి సారథి అయిన అబ్దుల్ హఖ్ పాకిస్తానుకు వెళ్లి కరాచీలో ఉర్దూ కళాశాల నెలకొల్పాడు. నఫ్సియాత్, మఆషియాత్ ఉర్దూ చదువులలో నేటికీ స్థిరంగా ఉండగా, తపిష్-పైమా స్థానాన్ని వాడుకలో థర్మామీటరే ఆక్రమించింది. 1998లో హైదరాబాదులోనే ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను తిరిగి చేపట్టింది.