పీటర్సన్ చూపిన సందు

జీర్ణాశయమును కోసి కుట్టు వైద్యునకు రెండు భయములు కలవు. కుట్టు విడుచునేమో యన్నది మొదటిది. అది సాధారణముగా కొలది దినములలోనే తేలిపోవును. కుట్టు చక్కగా నిలిచిన పిమ్మట ఏండ్లకు బయటపడునది రెండవది. మేము చెప్పదలచినది ఈ రెండవదాని కథ.

1881లో వియన్నాలో బిల్రోత్, కాన్సరు సోకిన జీర్ణాశయ భాగమును తీసివేసి, మిగిలిన దానిని ప్రేగుకు అతికి రోగిని నిలబెట్టెను. తరువాత కొలది యేండ్లకు, లోసాన్ నగరపు వైద్యుడు సీజర్ రూ చిన్నప్రేగును తెగగోసి, క్రింది కొసను జీర్ణాశయమునకు, పై కొసను దిగువ ప్రేగు ప్రక్కకు కలిపెను. పంగలకర్రవంటి ఈ కూర్పువలన పిత్తరసము జీర్ణాశయములోనికి ఎదురెక్కదు. అయితే ప్రేగును పైకి లాగి అతికినచోట దాని వెనుక ఒక సందు మిగులును. అందులో ప్రేగు దూరి చిక్కుకొనునని 1900లోనే జర్మన్ వైద్యుడు పీటర్సన్ వ్రాసెను. నేటికిని ఆ సందునకు ఆయన పేరే.

అమెరికాలో అయొవా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ మేసన్, పుండునకై జీర్ణాశయమును చాలవరకు తీయించుకొన్నవారు లావెక్కకుండుట గమనించి, 1966లో స్థూలకాయులకు జీర్ణాశయమును విభజించి, పైనున్న చిన్న భాగమును మాత్రమే ప్రేగుకు కలిపెను. రూ కూర్పును దీనికి 1977లో గ్రిఫెన్ చేర్చెను. 1994లో శాన్ డియాగో వైద్యులు విట్‌గ్రోవ్, క్లార్క్ ప్రభృతులు అదే పనిని, ఉదరమును వాయువుతో నింపి, చిన్న రంధ్రములనుండి లాపరోస్కోపు సాయమున చేసినట్లు ప్రకటించిరి.

చిక్కు ఇక్కడనే వచ్చినది. పెద్ద కోత కోసినప్పుడు లోపలి పొరలు ఒకదానికొకటి అంటుకొని, సందులు చాలవరకు తమంత మూసుకొనెడివి. చిన్న రంధ్రముల పద్ధతిలో ఆ అంటుకొనుట తక్కువ. పైగా రోగి సన్నబడిన కొలది ప్రేగులను పట్టియుంచు పొరలోని క్రొవ్వు కరిగి సందు వెడల్పగును. చికిత్స ఫలించుటయే ప్రమాదమునకు దారి తీయుట చిత్రము కాదా!

సందులను కుట్టవలెనా, వలదా? స్వీడను వైద్యులు 2507 మందిని రెండు వర్గములుగా చేసి పరీక్షించి, 2016లో ఫలితము ప్రకటించిరి. ప్రేగు అడ్డుపడి మూడేండ్లలో మరల శస్త్రచికిత్స అవసరమైనవారు, కుట్టనివారిలో నూటికి 10, కుట్టినవారిలో 5 లేక 6. కాని కుట్టినవారిలో తొలి నెలలో తీవ్రమైన ఇబ్బందులు కొంత హెచ్చు. ముఖ్యకారణము, దిగువ అతుకువద్ద ప్రేగు మడతపడుట. బట్టను మరీ లాగి కుట్టిన ముడుత పడునని మన గృహిణులకు తెలియనిదా?

ఈ చికిత్స జరిగిన కొన్నేండ్లకు పై కడుపున నొప్పి వచ్చి పోవుచున్నచో, స్కానింగు చిత్రమున దోషము కనబడకున్నను, వైద్యులు ఒక్కొక్కప్పుడు మరల లాపరోస్కోపుతో ఆ సందును వెదకుదురు.