కేంబ్రిడ్జి విద్యార్థుల ప్రార్థన కూటాలు

పద్దెనిమిదో శతాబ్దంలో చదువు కోసం ఇల్లు వదిలి కేంబ్రిడ్జి చేరిన కుర్రవాడికి ప్రార్థన తప్పనిసరి. ప్రతి కళాశాలకూ సొంత చాపెల్ ఉండేది. ఆరాధనకు రాకపోతే శిక్ష. ఇంగ్లండు సంఘ విశ్వాసాన్ని ఒప్పుకోనివారికి పట్టా దక్కేది కాదు. ఇంత కట్టడి ఉన్నా, మనసారా ప్రార్థించేవారు అరుదు. నిబంధన హాజరును తెచ్చిపెట్టింది గానీ భక్తిని కాదు.

1779లో కింగ్స్ కళాశాలలో చేరిన ఛార్లెస్ సిమియన్‌కు, మూడు వారాల్లో ప్రభురాత్రి భోజనంలో పాల్గొనాలని కబురు అందింది. సిద్ధపాటు లేకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్లడానికి అతను భయపడ్డాడు. దొరికిన భక్తి పుస్తకాలన్నీ చదివాడు. ఆ ఈస్టరు నాటికి తన పాపభారం క్రీస్తు మోశాడన్న నిశ్చయత కలిగింది. కానీ ఆ సంతోషం పంచుకోవడానికి తనలాంటి విశ్వాసి ఒక్కడూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి కనిపించలేదు. అతని తర్వాతి సేవకు ఆ ఒంటరితనమే మూలమని చెప్పవచ్చు.

1782లో హోలీ ట్రినిటీ చర్చి బాధ్యత అతనికి వచ్చింది. ఇష్టంలేని సంఘస్థులు తమ ఆసనాల తలుపులకు తాళాలు వేశారు. వచ్చినవారి కోసం అతను నడవల్లో వేయించిన బెంచీలను చర్చి పెద్దలు బయట పారేశారు. అయినా 1836లో చనిపోయేదాకా ఆ చర్చిని విడిచిపెట్టలేదు. శుక్రవారం సాయంత్రాలు విద్యార్థులను తన గదికి పిలిచి, టీ ఇచ్చి, విశ్వాసం గురించి ఏ సందేహమైనా అడగమనేవాడు. అలా వెళ్లేవారిని తోటివారు ‘సిమ్‌లు’ అని గేలిచేసేవారు. ఆ గేలి భరించినవారిలో ఒకడైన హెన్రీ మార్టిన్ తర్వాతి కాలంలో భారతదేశానికి వచ్చాడు. ఇదే విశ్వవిద్యాలయంలో చదివిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పాఠశాల తెరిచాడు. నోబుల్ కళాశాలకు నాంది అదే.

సిమియన్ బతికి ఉండగానే విద్యార్థులు సొంతంగా పూనుకున్నారు. 1827లో పేద పిల్లల కోసం జీసస్ లేన్ సండే స్కూలు పెట్టారు. 1862లో ప్రతిరోజూ కలిసి ప్రార్థించే కూటం మొదలైంది. 1871 చట్టంతో విశ్వవిద్యాలయంలోని మతపరమైన షరతులు చాలావరకు తొలగిపోయాయి. ఆరేళ్లకు, 1877లో, వేర్వేరు కళాశాలల ప్రార్థన బృందాలు కలిసి కేంబ్రిడ్జి అంతర్ కళాశాలల క్రైస్తవ సంఘంగా ఏర్పడ్డాయి.

1882 నవంబరులో ఆ సంఘం అమెరికా సువార్తికుడు డి. ఎల్. మూడీని పిలిచింది. మొదటి రాత్రి సభకు వచ్చిన విద్యార్థులు ప్రార్థన మధ్యలో కేకలు వేశారు, అతని ఉచ్చారణను వెక్కిరించారు. మర్నాడు వారిలో ఒకడైన జెరార్డ్ లాండర్ వచ్చి క్షమాపణ అడిగాడు. తర్వాతి కాలంలో అతను హాంకాంగ్‌లో బిషప్ అయ్యాడు. ఆ వారంలోనే మూడీ ఊళ్లోని తల్లులను ఒకచోట చేర్చి, ఎక్కడో ఇంటి దగ్గరున్న తల్లుల కొడుకుల కోసం ప్రార్థించమన్నాడు. దాదాపు 150 మంది స్త్రీలు తమ బిడ్డలు కాని కుర్రవాళ్ల కోసం మోకరించారు. ఈ చరిత్రలో ఇంతకంటే హృద్యమైన ఘట్టం లేదు. వారం ముగిసేసరికి సభల తీరే మారిపోయింది.

కేంబ్రిడ్జి సంఘం కూడా భాగమైన విద్యార్థి క్రైస్తవ ఉద్యమం అనే సంస్థ సిద్ధాంతపరంగా విశాలమవుతున్న కొద్దీ అభిప్రాయభేదాలు పెరిగాయి. 1910లో కేంబ్రిడ్జి సంఘం దానితో తెగతెంపులు చేసుకుంది. 1919లో మళ్లీ కలిసే ప్రయత్నం, క్రీస్తు రక్తం వల్ల కలిగే ప్రాయశ్చిత్తం విశ్వాసానికి కేంద్రమా కాదా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. సంఖ్య తగ్గినా నమ్మిక విషయంలో రాజీపడకూడదన్న ఆ నిర్ణయం సరైనదే. దాని దారిలోనే 1928లో బ్రిటన్‌లో ఇంటర్ వర్సిటీ ఫెలోషిప్, 1947లో ఇలాంటి విద్యార్థి సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడ్డాయి.

భారతదేశంలో అదే బాటలో 1954లో యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యు.ఇ.ఎస్.ఐ.) మొదలైంది. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ‘ఇ.యు.’ (ఎవాంజెలికల్ యూనియన్) పేరుతో జరిగే విద్యార్థుల ప్రార్థన, బైబిలు అధ్యయన కూటాలు ఆ సంస్థకు చెందినవే.