వంటింట్లో రెండో మనిషికి చోటు

కిందటి వేసవి సెలవుల్లో మా వంటిల్లు సర్దే పని నేను నెత్తిన వేసుకున్నాను. అటక మీదినుంచి చిల్లుపడ్డ ఇత్తడి గిన్నెలూ, మూతలు లేని డబ్బాలూ, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన స్టీలు సామానూ దించాను. అలమారలో డబ్బాలను పెద్దవాటి పక్కన చిన్నవిగా, సైన్యంలాగా నిలబెట్టాను. రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున్నే పోపులపెట్టె అందుకోవటానికి నా భార్య పీట ఎక్కవలసివచ్చింది. "మీరు సర్దింది చూడటానికి బాగానే ఉందండీ. వండేవాళ్ళు సర్దినట్టు మాత్రం లేదు," అని, మధ్యాహ్నంలోగా సగం సామాను పాత చోట్లకే చేర్చేసింది.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. కలిగిన చిన్నతనాన్ని దిగమింగుకోవటానికి పుస్తకాలు తిరగేశాను. వంటిల్లు సర్దటానికీ ఒక చరిత్ర ఉన్నది. అది శ్రమ చరిత్రలో భాగమే.

1911 లో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ తన ‘శాస్త్రీయ నిర్వహణ’ సూత్రాలను గ్రంథంగా వెలువరించాడు. గడియారం పట్టుకుని కార్మికుడి ప్రతి కదలికనూ కొలవటం, అనవసరమైనదాన్ని తీసివెయ్యటం వాటి సారాంశం. మరుసటి ఏడే క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ ఈ పద్ధతిని ఇంటిపనికి అన్వయిస్తూ ఒక మహిళా పత్రికలో వ్యాసాలు రాసింది. తరగటం, వండటం, వడ్డించటం, అంట్లు తోమటం – ఈ పనులు ఏ వరసలో జరుగుతాయో సామాను కూడా ఆ వరసలోనే ఉండాలన్నది. నేను చెయ్యనిది సరిగ్గా ఇదే!

మాట మంచిదే. కాని ఫాక్టరీలో మిగిలిన కాలం యజమాని లాభంగా మారింది. వంటింట్లో మిగిలిన కాలం ఎవరిది? ఆ రచయిత్రే 1929 లో మరో పుస్తకం రాసింది. గృహిణికి సరుకులు ఎలా అమ్మాలో వ్యాపారులకు నేర్పే పుస్తకం అది. పెట్టుబడిదారీ విధానం ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు అదే ననుకోవచ్చు.

ఈ లోపల ఆ భావాలు జర్మనీ చేరాయి. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అక్కడ ఇళ్ళకు విపరీతమైన కరువు. 1925 లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ ఎర్న్‌స్ట్ మై అనే వాస్తుశిల్పికి గృహనిర్మాణ బాధ్యత అప్పగించింది. ఆయన బృందంలో మార్గరెటె లిహోట్స్కీ అనే వియన్నా యువతి ఉన్నది. ఆమె 1926 లో తయారుచేసిన నమూనాయే చరిత్రలో ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు’గా నిలిచింది.

దాని వెడల్పు రెండు మీటర్లకు లోపు. పొడవు సుమారు మూడున్నర మీటర్లు. రైలు భోజనశాలల ఇరుకు వంటగదులను ఆమె ఆదర్శంగా తీసుకున్నది. కిటికీ కింద తరిగే బల్ల, కూర్చునేందుకు తిరిగే పీట. తొక్కలు తోసెయ్యటానికి బల్లలోనే సొరుగు. పప్పులకూ పంచదారకూ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. పిండి సొరుగును పురుగు పట్టకుండా ఓక్ కర్రతో చేయించింది. ఇలాటి వంటిళ్ళు సుమారు 10,000 అమర్చారు. ఇంతా చేసి, అప్పటిదాకా తాను వంట చేసి ఎరగనని ఆమె ముసలితనంలో ఒప్పుకున్నది. అయితే, నాలాగా కాక, ఆమె పనిని కొలిచింది, గృహిణుల్ని అడిగింది.

ఆమె ఉద్దేశాన్ని శంకించటానికి వీల్లేదు. స్త్రీలు బయట ఉద్యోగాలు చేస్తారు గనక ఇంటి చాకిరీ తగ్గాలన్నదే ఆమె తపన. 1930 లో మై బృందంతో సోవియట్ యూనియన్‌కు వెళ్ళింది. 1939 లో ఆస్ట్రియా కమ్యూనిస్టు పార్టీలో చేరింది. ఫాసిస్టు వ్యతిరేక పోరాటం కోసం వియన్నాకు తిరిగివచ్చి, 1941 జనవరిలో గెస్టపోకు చిక్కింది. ఆమెకు 15 ఏళ్ళ శిక్ష వేశారు. 1945 లో విముక్తి పొందింది. యుద్ధానంతర ఆస్ట్రియాలో కమ్యూనిస్టు అయిన పాపానికి ప్రభుత్వపు పనులు ఆమెకు అరుదుగా దక్కాయి. ఆమె 2000 లో చనిపోయింది.

అయినా ఆ వంటింటిలో ఒక లోపం ఉన్నది. అడుగులు తగ్గించబోయి గదిని ఒక్క మనిషికి సరిపడేట్టు కుదించారు. ఇద్దరు కలిసి పని చేసే వీలు లేదు. పిల్లలు పక్క గదిలో, భర్త పక్క గదిలో, మధ్య జరుపుడు తలుపు, లోపల ఒంటరిగా గృహిణి. శ్రమ తేలిక అయింది గాని, అది ఆమె శ్రమే నన్న సంగతి గోడలు కట్టి మరీ ఖాయం చేసినట్టయింది.

ఇంటిచాకిరీ స్త్రీని అణగదొక్కుతున్నదని లెనిన్ 1919 లోనే రాశాడు. సార్వజనిక భోజనశాలలనూ శిశుశాలలనూ కమ్యూనిజం మొలకలుగా గుర్తించాడు. ఇది నేను సభల్లో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పి, ఆలస్యంగా ఇంటికి వచ్చి, మూతపెట్టి ఉంచిన అన్నం తిన్నాను. సార్వజనిక భోజనశాలలు వచ్చేదాకా మా వంటిల్లు ఇలాగే ఉండవచ్చునని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కాబోలు. సమష్టి పరిష్కారం కోసం పోరాడటం వేరు, దాన్ని సాకుగా వాడుకోవటం వేరు.

సెలవులు అయిపోయే ముందు మేము వంటిల్లు మళ్ళీ సర్దాం. ఈసారి ఆమె చెప్పింది, నేను మోశాను. గట్టు చివర ఏళ్ళ తరబడి కదలని ఇత్తడి బిందెలు తీసేస్తే రెండో మనిషి నిలబడి కూర తరగటానికి చోటు వచ్చింది. పొద్దున పూట అక్కడ ఇప్పుడు నేను నిలబడుతున్నాను. నా వంకాయ ముక్కలు ఒక్క సైజులో రావటం లేదు. ఏది ఎక్కడ ఉన్నదీ ఇంకా అడుగుతూనే ఉన్నాను.