షురి బడిలో కట్టుకున్న కరాటే

పిల్లల కోసం కరాటేను తేలిక చేయడం ఈమధ్య ఫీజుల కోసం పుట్టిన పద్ధతని కరాటే నేర్పే మా వృత్తిలో పెద్దవాళ్లే కొందరు అంటుంటారు. చరిత్ర అలా చెప్పదు. ఇవాళ మనం చూస్తున్న కరాటే చాలావరకు రూపు కట్టుకున్నది పిల్లల బడిలోనే.

1879లో జపాన్ ర్యూక్యూ రాజ్యాన్ని తనలో కలిపేసుకుని దానికి ఒకినావా అని పేరు పెట్టింది. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు అక్కడ కరాటే గుట్టుగానే సాగింది. తర్వాత కరాటేను టోక్యోకు తీసుకెళ్లిన గిచిన్ ఫునకోషి, కుర్రతనంలో రాత్రిపూట లాంతరు పట్టుకుని గురువు అజాటో ఇంటికి వెళ్లేవాడు. పెరట్లో అదే కటా, అంటే వరసగా కూర్చిన అడుగులూ దెబ్బలూ, నెలల తరబడి చేయాలి. టెక్కి కటాలు మూడూ నేర్చుకోవడానికే పదేళ్లు పట్టిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. గట్టి చదువే, కాదనను. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడు దానికి ఆగగలడా?

ఆ పెరటి విద్యను బడికి తెచ్చినవాడు ఫునకోషికి మరో గురువైన అంకో ఇతోసు. 1901లో, డెబ్బై ఏళ్ల వయసులో, షురి పట్టణంలోని ప్రాథమిక పాఠశాలలో వ్యాయామంలో భాగంగా కరాటే మొదలుపెట్టించాడు. కుశాంకు లాంటి పాత కటాలు పొడుగు, చిక్కు. వాటి అడుగులూ దెబ్బలూ తీసుకుని పినాన్ అనే ఐదు పొట్టి కటాలు కూర్చాడు. 1908 అక్టోబరులో పది అంశాలతో ఒక లేఖ రాశాడు. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కరాటే నేర్పితే, అక్కడ చదివినవాళ్లు ఊరూరి బడుల్లో నేర్పుతారని అందులో సూచించాడు. నాకు ఆ లేఖలో అన్నిటికంటే విలువైన మాట అదే. పిల్లలకు నేర్పాలంటే ముందు నేర్పేవాళ్లను తయారుచేయాలి.

ఫునకోషి బడిపంతులు. 1922లో టోక్యోకు కరాటే తీసుకెళ్లి, తర్వాత ఆ ఐదు కటాల పేరును హేయాన్‌గా మార్చాడు. అంతకంటే ముఖ్యమైన పని, మొదటి రెండు కటాల వరస తారుమారు చేయడం. ఇతోసు మొదటిదిగా పెట్టినదాంట్లో రెండు చేతులూ ఒకేసారి చెరో పని చేయాలి, కాలితో తన్నాలి కూడా. రెండోదాంట్లో ఒక్క తన్నూ లేదు. ఎడమకు తిరిగి కింది దెబ్బను ఆపు, కుడికాలు ముందుకేసి గుద్దు. ఇంతే మొదలు. అందుకే దాన్ని ముందుకు తెచ్చాడు. ఆ మార్పు ఫలితమే ఇవాళ ఫునకోషి శైలి అయిన షోటోకాన్ నేర్పే చాలా క్లాసుల్లో పసివాళ్లు నేర్చే మొదటి కటా, హేయాన్ షోదాన్.

అయితే బడి కరాటేతో ఒక నష్టమూ వచ్చింది. ఒకినావా కుర్రాళ్లకు 1898 నుంచే నిర్బంధ సైనిక సేవ ఉండేది. ఇతోసు లేఖలోనూ సైన్యానికి పనికొచ్చే యువకుల ప్రస్తావన ఉంది. వరసలు, లెక్కపెట్టి అరవడం, అందరూ ఒకేసారి కదలడం ఆ కాలపు బడి కవాతులోంచి వచ్చినవే. మన ఊళ్ల కర్రసాములో డప్పు దరువు పిల్లల కాలిని కదిలిస్తుంది. ఈ వరసల్లో ఆ హుషారు లేదు.

అందుకే నేను ఆటలు కలుపుతాను. ఇద్దరు పిల్లలు పాత పేపరును బిగించి పట్టుకుంటారు, మూడోవాడు గుద్దుతాడు. భుజంతో నెడితే పేపరు వంగుతుందంతే. నడుము తిప్పి, పిడికిలి చివర్లో బిగిస్తే టప్పున చిరుగుతుంది. నడుము తిప్పమని నేను ఎంత మొత్తుకున్నా రానిది ఆ చప్పుడు కోసం వచ్చేస్తుంది. బెల్టుకు దోపిన రిబ్బను లాక్కునే ఆటలో ఎదుటివాడు ఎంత దూరంలో ఉంటే తనకు అందడో కాళ్లకే తెలిసిపోతుంది.

రంగుల బెల్టులూ పాత ఒకినావా సంప్రదాయం కాదు. ఫునకోషి మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో, అదీ జిగొరో కానో స్థాపించిన జూడో నుంచి తీసుకుని. రంగులు యూరప్ జూడో క్లబ్బుల్లో పెరిగాయి. పిల్లలకు అవి ముచ్చటే, ఇవ్వండి. మూడు నెలలకోసారి అమ్మకానికి పెట్టడం మాత్రం తప్పు.

మీ పిల్లల్ని చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్లి క్లాసు చూడండి. ముందు వరస పెద్దపిల్లల్ని కాదు, చివర నిలబడ్డ అందరికంటే చిన్నపిల్లను గమనించండి. గంటలో సగం తన వంతు కోసం ఊరికే నిలబడే ఉంటే, ఆ క్లాసు వద్దు.