మత్రా సూక్ నుంచి వాట్సాప్ దాకా: చిన్న దుకాణం పేరు వినపడాలంటే ఎంత ఖర్చు?

పోయిన ఎపిసోడ్ వినే ఉంటరు. ఇంటికి పోయినాక పెట్టుకునే చిన్న వ్యాపారాల గురించి మాట్లాడినం. టిఫిన్ సెంటర్, సెలూన్, మొబైల్ దుకాణం, టైలర్ షాపు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఫర్నిచర్‌కి ఎంత అని అందరూ లెక్కలు చెప్పిండ్రు. పబ్లిసిటీకి ఎంత అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు. ఏదో ఒక ఫ్లెక్సీ కట్టిస్తం అన్నా, అన్నరు. మూడు నాలుగేళ్ళు ఎండలో పనిచేసి కూడబెట్టిన పైసలు పెట్టేటప్పుడు ఆ ఒక్క ఖర్చునే గాలికి వదిలేస్తే ఎట్ల? అందుకే మైకు ముందు టైము చాలక ఆగిపోయిన ముచ్చట ఇక్కడ రాస్తున్న. మనం ఉంటున్న ఈ ఒమాన్‌లోనే ఆ ఖర్చు 50 ఏళ్ళలో ఎట్లెట్ల మారిందో చూస్తే మన ఊరి లెక్క కూడా తెలుస్తది.

ముందు మత్రాకి పోదాం. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఈ దేశంలో తారు రోడ్డు 10 కిలోమీటర్లు, బడులు మూడు అని చెప్తరు. మస్కట్ కోట తలుపులు రాత్రి మూసేసేవాళ్ళు, ఆ తర్వాత బయట తిరిగేటోని చేతిలో లాంతరు ఉండాలె. ఒమాన్ రేడియో మొదలైందే ఆ ఏడాది. మరి అంతకుముందు దుకాణదారుడు తన పేరు ఎట్ల చెప్పుకున్నడు? మత్రా సూక్‌లో ఇప్పటికీ కనపడ్తది. ఒక సందులో బంగారం, ఇంకో సందులో బట్టలు, ఇంకో దిక్కు సాంబ్రాణి, మసాలాలు. ఒక్క తీరు సరుకు అమ్మేటోళ్ళు పక్కపక్కనే కూచుంటరు. హైదరాబాద్‌లో లాడ్ బజార్ గాజులకి ఎట్లనో ఇది అట్లనే. బయటి నుంచి చూస్తే పోటీ, లోపల చూస్తే అదే ప్రచారం. గాజులు కావాల్సిన మనిషి ఎవరినీ అడగకుండ ఆ సందులోకే వస్తడు. అంటే ప్రకటన ఖర్చు లేదని కాదు, అది అద్దెలోనే కలిసి ఉంది. మంచి సందులో దుకాణానికి అద్దె ఎక్కువ ఎందుకు? మనుషులని అక్కడిదాకా నడిపించే పని ఆ సందే చేస్తది కాబట్టి.

అప్పట్లో రెండో ఖర్చు ఉద్దెర. కచ్ నుంచి వచ్చిన వ్యాపారి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నయి. ఖిమ్జీ రామ్‌దాస్ 1870 నాటిది. అంత పాత పేరుకి బోర్డు ఎందుకు? మాట మీద సరుకు ఇచ్చి, మాట మీద పైసలు తీసుకుంటే ఆ మాటే ఊరూరా పోతది. అన్నట్టు, అప్పటిదాకా ఇక్కడ నడిచింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరేగా అచ్చువేసిన రూపాయి ఉండేది, ఒమాన్ 1970 దాకా దాన్నే వాడింది. మనం ఇయ్యాల లెక్కపెట్టే బైసా మన పైసానే.

తర్వాత పేపర్లు వచ్చినయి. 1971లో అల్ వతన్, 1972లో ఒమాన్ అరబీ పత్రిక, 1975లో టైమ్స్ ఆఫ్ ఒమాన్, 1981లో అబ్జర్వర్. టీవీ 1974 నవంబర్‌లో. దీంతోటి ఖర్చు లెక్కే మారిపోయింది. పేపర్‌వాళ్ళు కాలమ్ సెంటీమీటర్ లెక్కన అమ్ముతరు. ఎన్ని కాలమ్‌ల వెడల్పు, ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు, ఈ రెండూ గుణించి, దాన్ని రేటుతో గుణించాలె. మనం టైల్స్‌కి చదరపు మీటర్ లెక్క కట్టినట్టే. మొదటి పేజీకి ఒక రేటు, లోపలికి ఒక రేటు, రంగు ఉంటే ఇంకొకటి. చిన్న చిన్న ప్రకటనలు వరుసగా వేసే క్లాసిఫైడ్స్ పేజీలో మాటల లెక్క.

ఇక్కడ చిన్న దుకాణానికి ఒక దెబ్బ ఉంది. పేపర్ సలాలా నుంచి సొహార్ దాకా పోతది. రూవీ హై స్ట్రీట్‌లో సెలూన్ పెట్టినోనికి సలాలాలో చదివేటోనితో ఏం పని? వెయ్యి కిలోమీటర్ల అవతలి నుంచి గడ్డం గీయించుకోనీకి ఎవడూ రాడు. కానీ ఆ కాపీకి కూడా పైసలు కట్టేది ఇతనే. కారు కంపెనీకి, బ్యాంకుకి దేశమంతా గిరాకీయే, వాళ్ళకి ఒక్క కాపీ కూడా దండగ కాదు. సెలూన్‌కి నూటికి తొంభైకి పైన దండగే. రేటు ఇద్దరికీ ఒకటే, ఖరీదు మాత్రం ఒకటి కాదు.

మనోళ్ళకైతే ఇంకో చిక్కు. మస్కట్‌లో ఇడ్లీ దోశ పెట్టే తెలుగు మెస్ గురించి ఇంగ్లీషు పేపర్‌లో వేస్తే అది చూసేది ఎవరు? హమ్రియాలో బంకు బెడ్ల మీద పండుకునే జగిత్యాల, కడప, కోనసీమ మనిషి ఆ పేపర్ కొనడు. మలయాళీలు ఈ సంగతి మనకన్న ముందే పట్టిండ్రు. 1999లో బహ్రెయిన్ నుంచి గల్ఫ్ మాధ్యమం మొదలుపెట్టిండ్రు, తర్వాత గల్ఫ్ దేశాలంతటా వాళ్ళ భాషలో దినపత్రిక దొరికింది. కోళికోడ్ నుంచి వచ్చిన హోటల్ ఓనర్‌కి తన గిరాకీ చదివే పేపర్ ఉంది. తెలుగులో అట్ల రోజూ ఇక్కడ అచ్చయ్యే పేపర్‌ని నేనైతే ఎన్నడూ చూడలే. మన దుకాణాల పేర్లు మనకి తెలిసింది క్యాంపు బస్సులో, శుక్రవారం రూవీలో కలిసినప్పుడు, ఇండియన్ సోషల్ క్లబ్ పండుగ ప్రోగ్రాముల్లో.

వలస పోయిన తెలుగోళ్ళకి ఈ చిక్కు వందేళ్ళ కిందనే వచ్చింది, బొంబాయిలో. అక్కడ కామాఠిపుర అనే పేరే తెలంగాణ నుంచి పోయిన మన కూలీల మీద పడ్డది. కృష్ణా జిల్లా నుంచి బొంబాయి పోయిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టిండు. కొత్త మందు, ఎవరికీ తెలియని పేరు. ఆయన సంగీత కచేరీలకి పోయి వచ్చినోళ్ళకి ఉచితంగా పంచిండని చెప్తరు. ఆ తెలివి చూడండి. కచేరీకి వచ్చిన మనిషి గంటల తరబడి ఒక్కచోట కూచుంటడు, తల నొస్తది, మందు అక్కడికక్కడే పనిచేస్తది, పక్కోనికి చెప్తడు. పంచిన డబ్బీల ఖరీదే ప్రకటన ఖర్చు, అందులో దండగ తక్కువ. 1908లో ఆయనే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా తెచ్చిండు, 1914లో మద్రాసుకి మార్చి దినపత్రిక చేసిండు. పత్రికని దేశం కోసమే పెట్టిండు, అందులో అనుమానం లేదు. కానీ సొంత పత్రిక ఉన్న వ్యాపారికి కాలమ్ సెంటీమీటర్ బాధ ఉండదు కదా.

దేశమంతా పోయే పేపర్‌లో చిన్న దుకాణానికి జాగా ఎట్ల దొరకాలె అనే ప్రశ్నకి మన దగ్గర గట్టి జవాబు 1989లో వచ్చింది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు, 1989లో జిల్లాకొక చిన్న పేపర్ తయారుచేసి పెద్ద పేపర్ మధ్యలో పెట్టుడు మొదలుపెట్టింది. మనకి గుర్తుండే జిల్లా ఎడిషన్ అదే. మండలం వార్తలు, ఎవరింట్లో దొంగలు పడ్డరు, ఏ బడికి ఎన్ని ర్యాంకులు. చదివేటోళ్ళం వార్తల కోసం చదివినం, దాని వెనక ఉన్న లెక్క మాత్రం ప్రకటనలది. కరీంనగర్‌లో చీరల దుకాణం ఇక శ్రీకాకుళం కాపీకి పైసలు కట్టే పని లేదు. తన జిల్లా కాపీలకే కడ్తడు, రేటు తక్కువ. అప్పటిదాకా పేపర్ ప్రకటన అనేది తమకి సంబంధం లేని పని అనుకున్న చెప్పుల షాపులు, ట్యూషన్ సెంటర్లు, నర్సింగ్ హోములు మొదటిసారి పేపర్ ఎక్కినయి. మిగతా పత్రికలు కూడా అదే దారి పట్టినయి. నా లెక్కలో మన వైపు చిన్న వ్యాపారానికి జరిగిన పెద్ద మార్పు అది. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ముందు వేసే స్లైడు, ఆటోకి మైకు కట్టి తిప్పుడు, పేపర్ వేసే పిలగానికి కొంత ఇచ్చి లోపల కరపత్రం పెట్టించుడు, తర్వాత కేబుల్ టీవీ కింద పరుగెత్తే అక్షరాలు, ఇవన్నీ అదే దారి. దగ్గరోనికి మాత్రమే చెప్పు, దూరపోనికి పైసలు కట్టకు.

మళ్ళీ మస్కట్‌కి వద్దాం. ఇక్కడ కరపత్రం అంత సులువు కాదు. పర్మిషన్ లేకుండ స్తంభాలకి, గోడలకి కాగితాలు అంటిస్తే మున్సిపాలిటీ ఊకోదు. కాబట్టి ఇక్కడ చిన్న దుకాణానికి అసలు ప్రకటన దాని బోర్డే. ఇది నా పనికి దగ్గరి సంగతి, కొంచెం ఎక్కువ రాస్త.

బోర్డు అంటే మనం ఒక్క షీటే అనుకుంటం. ఇనుప ట్యూబుల ఫ్రేము, దానిమీద ఏసీపీ షీటు, అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ, వైరింగు, గోడకి యాంకర్ బోల్టులు, పైన బిగించనీకి మనుషులు. దానికి ముందు మున్సిపాలిటీ పర్మిట్, ఫీజు. పేరు అరబీలో ఉండి తీరాలె. ఒక అక్షరం తప్పు పడితే దించి మళ్ళీ చేయించాలె, కాబట్టి డిజైన్‌ని అచ్చుకి పంపే ముందే అరబీ చదివేటోనికి చూపియ్యాలె. సస్తా స్టిక్కర్ వేయిస్తే రెండు ఎండాకాలాలకి ఎర్ర రంగు గులాబీ అయితది. ఒక్కసారే పెట్టే ఖర్చు కాబట్టి ఇది అందరికీ పెద్దగ కనపడ్తది. లెక్క వేసి చూడండి. అంతా కలిపి 150 రియాళ్ళు అయిందనుకుందాం, 5 ఏళ్ళు ఉంటది. రోజుకి 82 బైసాలు. 50 రియాళ్ళ పేపర్ ప్రకటన అనుకుంటే అది ఒక్క రోజుకి, తెల్లారి దాంట్లో సమోసాలు కడ్తరు. కనపడే ఖర్చు వేరు, రోజువారీ పడే ఖర్చు వేరు. మన సైట్ చుట్టూ కంపెనీ పేరు రాసిన రేకులు నిలబెడ్తం కదా, కాంట్రాక్టర్లకి ఈ లెక్క ఎప్పటినుంచో తెలుసు.

2000ల మొదట్లో మస్కట్‌లో ఉచితంగా పంచే వారపత్రికలు వచ్చినయి, సూపర్ మార్కెట్ దగ్గర దొంతరగా ఉండేవి. చదివేటోనికి ఫ్రీ అంటే మొత్తం ఖర్చు ప్రకటన ఇచ్చేటోని మీదనే. 2007 నుంచి ప్రైవేటు రేడియోలు వచ్చినయి. అక్కడ సెకన్ల లెక్క, పైగా రికార్డింగు ఖర్చు వేరే, రోజుకి నాలుగైదుసార్లు రాకపోతే ఎవరికీ గుర్తుండదు. చిన్న దుకాణాలు దాని జోలికి పోలేదు.

ఫోను మాత్రం అందరికీ అందింది. 2005లో నవ్రాస్ వచ్చి పోటీ మొదలైంది, 2009లో మనలాంటోళ్ళ కోసమే ఫ్రెండీ, రెన్నా వంటి సిమ్ములు వచ్చినయి. స్మార్ట్ ఫోన్ చేతికొచ్చినాక వాట్సాప్. ఇక్కడ వాట్సాప్ కాల్ పోకపోయినా మెసేజ్ పోతది, చిన్న దుకాణానికి అదే చాలు. 2020 మార్చిలో కరోనా కమిటీ ఈ దేశంలో పేపర్లు, పత్రికలు అచ్చువేయడం, పంచడమే ఆపించింది. అప్పటికే ఫోన్‌కి అలవాటు పడ్డ చిన్న వ్యాపారం తర్వాత పేపర్ దిక్కు తిరిగి చూసింది తక్కువ. బిర్యానీ ఫోటో తెలుగు గ్రూపులో పడితే గంటలో ఆర్డర్లు. మనకంటూ పేపర్ లేని లోటు అట్ల తీరింది.

అయితే ఇది ఫ్రీ అనేటోళ్ళతో నేను ఒప్పుకోను. ఫోటో తీసేటోడు కావాలె, రాత్రి 11 గంటలకి వచ్చే మెసేజ్‌కి జవాబు ఇచ్చేటోడు కావాలె, ఒక్కరోజు సాంబారు చెడిపోతే అదే గ్రూపులో వచ్చే తిట్లని సర్దుకోవాలె. ఆ గంటలకి జీతం వేసి చూడండి. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పెట్టుకోనీకి మాత్రం పైసా అడగరు, చాలామంది ఆ పని చెయ్యనే చెయ్యరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పైసలు కట్టి వేసే ప్రకటన వేలం పాట. రోజుకి ఇంత అని మీరే గీత గీస్తరు, దుకాణం చుట్టూ ఇన్ని కిలోమీటర్లు, తెలుగు భాషలో ఫోన్ వాడేటోళ్ళు అని ఏరుకోవచ్చు. 1989లో జిల్లా దాకా దిగిన గీత ఇప్పుడు గల్లీ దాకా దిగింది. చుట్టూ గీసే గీత మరీ పెద్దగ పెడితే మళ్ళీ సలాలా కాపీకి కట్టినట్టే.

ఏ ఏజెంటు వచ్చి ఏ ప్యాకేజీ చెప్పినా నేను వేసే లెక్క ఒకటే. టిఫిన్ సెంటర్‌లో ఒక మనిషి మీద 200 బైసాలు మిగులుతయి అనుకుందాం. 30 రియాళ్ళ ప్రకటన పెడితే 150 మంది కొత్తోళ్ళు వస్తేనే అసలు. ఒక్కసారి వచ్చిపోయేటోళ్ళతో ఇది కష్టం. అదే వారానికోసారి ఏడాదంతా వచ్చే మనిషి ఒక్కడే దాదాపు 10 రియాళ్ళు మిగిలిస్తడు. అట్లాంటోళ్ళు ముగ్గురు దొరికితే చాలు. సెలూన్, టిఫిన్, టైలర్ ఇవన్నీ మళ్ళీ మళ్ళీ వచ్చే గిరాకీ మీద బతికేవి. ఫర్నిచర్ దుకాణం అట్ల కాదు, అందుకే వాళ్ళు పేపర్లో అంతంత పెడ్తరు. వాళ్ళని చూసి మనం పెట్టొద్దు.

గల్ఫ్‌లో ఇంకో సంగతి ఉంది. క్యాంపు దగ్గర పెట్టిన దుకాణానికి ప్రాజెక్టు అయిపోగానే గిరాకీ మొత్తం బస్సెక్కి వెళ్ళిపోతది. దుక్మ్‌లో పని ముగిసి మబేలాకి మారినప్పుడు బోర్డు అక్కడే ఉంటది, ఫోన్ నంబర్ మాత్రం మనిషితో వస్తది. కాబట్టి ఇక్కడ బోర్డు మీద ఖర్చు పెట్టేముందు ఆ సైట్ ఎన్ని నెలలు నడుస్తదో సూపర్‌వైజర్‌ని అడిగినోడు తెలివైనోడు. ఇక్కడ ఇంకొకరి పేరు మీద లైసెన్సు తీసుకొని దుకాణం నడిపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. దాన్ని తసత్తుర్ అంటరు, ఇక్కడి చట్టంలో నేరం. నేను రాసింది ఊరికి పోయినాక పెట్టేటోళ్ళకి. అక్కడ తెరిచిన మొదటి నెల గల్లా పక్కన ఒక నోట్‌బుక్కు పెట్టండి. వచ్చిన ప్రతి కొత్త మనిషిని ఎట్ల తెలిసిందని అడిగి, ఫ్లెక్సీయా, పేపరా, ఫోనా, పక్కింటోడా, ఒక్క గీత కొట్టండి. రెండో నెల పైసలు ఎక్కువ గీతలు పడ్డ దిక్కే పెట్టండి.